ఆదరించవలసిన చోట కాపరి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ప్రసంగం గురించి కాక, ప్రసంగ వేదిక దిగిన తరువాత కాపరి చేయవలసిన పని గురించి ఉన్నాయి. వాటిలో ఐదింటిని ఎంచుకున్నాము. రాసినవారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించి, ప్రశ్నలను కొంత కుదించాము.

ప్రశ్న: అయ్యగారూ, నేను సంఘ కాపరిగా ఇటీవలే బాధ్యత తీసుకున్నాను. మా సంఘంలోని ఒక దంపతుల చిన్న బిడ్డ చనిపోయింది. "దేవుడు తన తోట కోసం ఈ పువ్వును కోసుకున్నాడమ్మా" అని ఒక పెద్దాయన ఓదార్చబోతే, ఆ తల్లి "ఆయనకు నా బిడ్డే కావలసి వచ్చిందా?" అని అడిగింది. అందరూ నా వైపు చూశారు. నాకు మాట రాలేదు. ఇటువంటి సమయంలో కాపరి ఏమి చెప్పాలి? ఏమీ చెప్పకపోతే వారి విశ్వాసం సన్నగిల్లదా?
— ఒక యువ కాపరి

జవాబు: సహోదరుడా, ఆ క్షణంలో మీకు మాట రాకపోవడాన్ని వైఫల్యంగా ఎంచుకోకండి. ఆ తల్లి మాట ప్రశ్నలా ఉన్నా, ఆమె వివరణ కోరి అడగలేదు. ఎంత గొప్ప వేదాంతి వచ్చి ఎంత చక్కని కారణం చూపినా, ఆ కారణం విని ఆమె "సరే, అర్థమైంది" అని కళ్లు తుడుచుకుంటుందా? తుడుచుకోదు. కాబట్టి జవాబు లేదన్నది మీ లోపం కాదు, ఆ సందర్భపు స్వభావమే అది.

యోబు స్నేహితుల సంగతి చూడండి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అతని బాధ ఎంతటిదో గ్రహించి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట పలకకుండా అతనితో నేలమీద కూర్చున్నారని రెండవ అధ్యాయం చెబుతుంది. అంతవరకు వారిలో తప్పు పట్టవలసినది లేదు. చిక్కంతా వారు నోరు విప్పిన తరువాత వచ్చింది. అప్పుడు కూడా వారు పలికినవన్నీ అబద్ధాలని అనలేము. ఎలీఫజు పలికిన మాటలలో ఒకదానిని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయంలో లేఖనంగానే ఉదాహరించాడు. అంటే మాట నిజమైనదే అయినా, దానిని గాయపడినవాని మీద ప్రయోగించిన తీరు వల్ల అది క్రూరంగా మారింది. గ్రంథం చివర దేవుని కోపం రగులుకున్నది తన పక్షాన వాదించిన ఆ ముగ్గురి మీద. యుక్తమైనది పలికినవాడని ఆయన చెప్పినది తనను నిలదీసిన యోబు గురించి. దేవుని తరఫున వెంటనే సంజాయిషీ చెప్పాలని తొందరపడే కాపరులందరూ, మన పెద్దాయనతో సహా, ఈ తీర్పును ఒకసారి నిదానంగా చదవాలి. పువ్వు, తోట అనే ఆ మాట బైబిలులో ఎక్కడా లేదు. దుఃఖంలో ఉన్నవారి ముందు ఏదో ఒకటి అనాలన్న మన ఆరాటంలోంచే అది పుట్టింది.

అయితే మౌనమే ఎల్లవేళలా సరైనదని కూడా నేను అనను. యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే మాట అంటారు: నీవిక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు. ఆ నిష్ఠూరం విని ఆయన మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ అదే మాట అన్నప్పుడు మాత్రం ఉపదేశమేమీ చేయలేదు, "యేసు కన్నీళ్లు విడిచెను." ఒకే ఇల్లు, ఒకే దుఃఖం, ఒకే వాక్యం; అయినా ఇద్దరికీ ఒకే ఆదరణ సరిపోలేదు. పైగా కొద్దిసేపటిలో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడు. నిరీక్షణ ఉన్నవారు ఏడవకూడదని చెప్పేవారికి నేను చూపించేది ఈ వచనమే. 590లో రోమా పీఠాధిపతి అయిన మహా గ్రెగొరీ కాపరుల కోసం రాసిన గ్రంథంలో అన్నిటికంటే పెద్ద భాగాన్ని ఈ విషయానికే కేటాయించాడు: దుఃఖంలో ఉన్నవారికి, ఉల్లాసంగా ఉన్నవారికి, పిరికివారికి, తెగువగలవారికి ఒకే రకమైన బోధ పనికిరాదని, ఎదుటివారి స్థితి తెలియనిదే మాట ఎంచుకోకూడదని.

ఇక మీరు అనగలిగిన మాటలు. "కారణం నాకు తెలియదమ్మా. నాకూ బాధగా ఉంది. నేను మళ్లీ వస్తాను." ఈ మూడూ నిజాలే, పైగా మూడవది మీరు నిలబెట్టుకోగలిగిన వాగ్దానం. బిడ్డను పేరు పెట్టి తలచుకోండి. ఆ పేరు ఎత్తితే తల్లి ఏడుస్తుందని చాలామంది తప్పించుకుంటారు. కాని ఆమె మరచిపోయిన దానిని మనం గుర్తుచేయడం లేదు కదా. బిడ్డ గురించి చెప్పమని అడిగి, చెప్పినదే చెప్పినా వినండి. "మరొక బిడ్డను ఇస్తాడు" అని మాత్రం అనకండి. ఏ పాపం చేశారో అనే అనుమానం సంఘంలో ఎవరి నోట వచ్చినా అక్కడే ఆపండి. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు ఇదే అడిగితే యేసు వాడైనా వాని కన్నవారైనా పాపము చేయలేదని జవాబిచ్చాడు.

వాక్యం చదవమని వారే కోరితే, స్తుతి కీర్తనతో మొదలుపెట్టకండి. దుఃఖంతో ఉన్నవాని ఎదుట పాటలు పాడటం చలి రోజున పైబట్ట లాగివేయడం వంటిదని సామెతల గ్రంథమే హెచ్చరించింది. కీర్తనల గ్రంథంలో విలాప కీర్తనలే ఎక్కువ. మన ఆరాధనల్లో అవి ఎందుకు అంత అరుదుగా వినిపిస్తాయో ఆలోచించవలసిన విషయం. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగిసిపోతుంది. దాని తరువాత ఓదార్పు వచనమేదీ లేదు. అటువంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉన్నదని తెలియడమే కొందరికి పెద్ద ఊరట.

విశ్వాసం సన్నగిల్లుతుందేమో అని మీరు భయపడుతున్నారు. దేవుని మీద నిష్ఠూరంగా మాట్లాడుతున్న మనిషి ఇంకా దేవునితోనే మాట్లాడుతున్నాడు, కాబట్టి ఆ మాటలకు కంగారుపడనక్కరలేదు. కొంతకాలం ఆమె ఆరాధనకు రాకపోవచ్చు, వచ్చినా పాడలేకపోవచ్చు. ఆ కాలంలో ఆమె బదులు సంఘం ప్రార్థించాలి, ఆమెను మందలించకూడదు. తండ్రిని కూడా గమనించండి. ఏర్పాట్లలో తలమునకలై ఉన్నందువల్ల అతడు నిబ్బరంగా ఉన్నాడని అందరూ అనుకుంటారు, అతనిని పలకరించేవారుండరు. ఆ ఇంట్లో ఇతర పిల్లలుంటే వారికి కూడా భయాలుంటాయి, కొన్నిసార్లు తామే కారణమనే అపోహ కూడా ఉంటుంది. చివరగా, బిడ్డ పుట్టినరోజును, పోయిన రోజును మీ డైరీలో రాసిపెట్టుకోండి. మొదటి వారంలో ఇంటినిండా మనుషులుంటారు. ఆరు నెలల తరువాత వెళ్లేది కాపరి ఒక్కడే కావచ్చు.

ప్రశ్న: ఆసుపత్రిలో ఉన్న విశ్వాసులను పరామర్శించడానికి మా సంఘం నుండి బృందంగా వెళ్తుంటాము. ఎంతసేపు ఉండాలి? ఏమేమి పాటించాలి?
— ఒక సంఘ పెద్ద

జవాబు: పది నిమిషాలు చాలు, బృందం అక్కరలేదు, ఇద్దరు చాలు. లోపలికి వెళ్లేముందు నర్సును అడగండి. రోగి కళ్లకు ఎదురుగా, వీలైతే కూర్చుని మాట్లాడండి. జబ్బు వివరాలు ఆరా తీయవద్దు, అదే జబ్బుతో పోయినవారి కథలు అసలే వద్దు. ప్రార్థన చేయమంటారా అని అడిగి, పక్క పడకలవారిని ఇబ్బంది పెట్టని స్వరంతో క్లుప్తంగా చేయండి. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో రోగియే సంఘపు పెద్దలను పిలిపించాలని ఉన్నది. అంటే వారి ఇష్టానికే మొదటి స్థానం. వద్దంటే నొచ్చుకోకుండా తిరిగి రావాలి. స్పృహలో లేనట్టు కనిపించే రోగి దగ్గర అతని పరిస్థితి గురించి చర్చించకండి, వినిపిస్తూ ఉండవచ్చు. అతనినే పేరుతో పలకరించండి. పరామర్శకు వెళ్లి రోగితో ఫోటోలు దిగి సంఘం వాట్సాప్ గుంపులో పెట్టడం పరిచర్య కాదు. దీనిని ఇంకా మర్యాదగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

ప్రశ్న: మా తమ్ముడు కొంతకాలం మానసిక కుంగుబాటుతో బాధపడి ఆత్మహత్య చేసుకున్నాడు. మందులు వాడుతున్నాడని తెలిసి సంఘంలో కొందరు అది అవిశ్వాసమని అంటుండేవారు. ఇప్పుడు అతనికి సంఘ క్రమం ప్రకారం సమాధి కార్యక్రమం జరపడం కుదరదని పెద్దలు అన్నారు. వాడికి రక్షణ ఉందా అని అమ్మ రోజూ అడుగుతున్నది. ఏమి చెప్పను?
— ఒక అక్క

జవాబు: అమ్మా, మీ కుటుంబానికి జరిగిన నష్టానికి చాలా బాధపడుతున్నాను. మీరు అడగని విషయం ఒకటి ముందు చెప్పనివ్వండి: మీ తమ్ముడు మందులు వాడటం అవిశ్వాసం కాదు. చావు కోరుకున్న ప్రవక్త బైబిలులోనే ఉన్నాడు. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగినప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఇక్కడ నీవేమి చేయుచున్నావు అన్న దేవుని ప్రశ్న ఆ తరువాత, నలువది దినాల ప్రయాణం దాటాక వచ్చింది. శరీరానికి కావలసినది ముందు ఇచ్చిన దేవుడు వైద్యాన్ని చిన్నచూపు చూస్తాడని అనుకోవడానికి ఆధారం లేదు. పౌలు తోటి పనివాడైన లూకా కూడా వైద్యుడే. కుంగుబాటు జబ్బు. దానికి చికిత్స ఉన్నది. ప్రార్థన ఆ చికిత్సకు తోడుగా ఉండాలి గాని, దాని బదులు కాకూడదు.

సమాధి విషయానికి వస్తే, ఆత్మహత్య చేసుకున్నవారిని గౌరవంగా పాతిపెట్టకూడదనే ఆజ్ఞ లేఖనాలలో లేదు. ఉరి వేసుకుని చనిపోయిన అహీతోపెలు తన తండ్రి సమాధిలోనే పాతిపెట్టబడ్డాడని రెండవ సమూయేలు చెబుతుంది. తన కత్తి మీద పడి మరణించిన సౌలు కోసం యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచి వెళ్లి, అతని ఎముకలను పాతిపెట్టి, ఏడు దినాలు ఉపవాసమున్నారు. దావీదు అతని మీద విలాపగీతం పాడాడు. నిరాకరణ అనేది తరువాతి కాలంలో సంఘ నియమాలలోకి వచ్చి చేరినది. అయితే అటువంటి నియమాలు కూడా మారాయి. రోమన్ కథోలిక సంఘపు 1917 నాటి ధర్మశాస్త్రం బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి సంఘ సమాధి నిరాకరించగా, 1983 నాటి శాస్త్రంలో ఆ మాట తొలగిపోయింది. 1992లో వెలువడిన ఆ సంఘపు సత్యోపదేశ గ్రంథం తీవ్రమైన మానసిక వ్యథ మనిషి బాధ్యతను తగ్గించగలదని, అటువంటివారి నిత్యరక్షణ విషయంలో నిరాశపడకూడదని స్పష్టంగా చెబుతుంది. ఇతర సంఘాలలోనూ చాలా చోట్ల కాపరులు ఈ మార్గంలోనే నడుస్తున్నారు. మీ పెద్దలతో మరొకసారి మాట్లాడమని మీ కాపరిని అడగండి. వారు ఒప్పుకోకపోయినా, స్మారక ప్రార్థన జరపడానికి ముందుకు వచ్చే కాపరి దొరుకుతాడు.

అమ్మగారి ప్రశ్నకు తీర్పు చెప్పే అధికారం ఏ మనిషికీ లేదు, ఆ పెద్దలకూ లేదు. ఆమెతో కలిసి రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయం చివరి వచనాలు చదవండి. క్రీస్తు ప్రేమ నుండి మనలను ఎడబాపలేనివాటి జాబితాలో పౌలు ముందుగా పేర్కొన్నది మరణాన్నే. ఒక మనిషి జీవితమంతటినీ దాని చివరి గంటతోనే తూచే దేవునిని సువార్తలు మనకు చూపించలేదు.

ఇది చదువుతున్న కాపరులకు కూడా ఒక మాట. ఛాడ్ వారా అనే ఆంగ్లికన్ గురువు 1935లో జరిపిన మొట్టమొదటి సమాధి కార్యక్రమం ఆత్మహత్య చేసుకున్న ఒక బాలికది. 1953లో ఆయన లండన్‌లో, చావాలని తలచేవారు ఫోన్ చేసి మాట్లాడే సేవను ప్రారంభించాడు. సలహా ఇవ్వవలసినది తానేనని అనుకున్నాడు. కాని తన కోసం వేచి ఉన్నవారి దగ్గర కూర్చుని మాటలు విన్న సామాన్య స్వచ్ఛంద సేవకుల వల్లనే చాలామంది కుదుటపడి వెళ్లిపోతున్నారని గమనించి, కొద్ది నెలలకే ఫోన్ల బాధ్యతను వారికే అప్పగించాడు. వినడానికి బిరుదులు అవసరం లేదు. ఎవరి మాటల్లోనైనా నిరాశ ధ్వనిస్తే "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన వారికి కొత్తగా కలగదు, దానిని ఒంటరిగా మోసే భారం తగ్గుతుంది. అవునంటే వారిని ఒంటరిగా విడిచిపెట్టకుండా, కుటుంబం సాయంతో వెంటనే వైద్యుని దగ్గరకు చేర్చండి. మీ ఇంట్లో కూడా, అక్కగారూ, ఈ నెలల్లో అమ్మను, మీ మీద నేరం మోపుకుంటున్న మిమ్మల్ని మీరే, ఇలాగే కనిపెట్టుకుని ఉండండి. అవసరమనిపిస్తే మీరు కూడా వైద్యుని కలవండి.

ప్రశ్న: ఒక సహోదరి తన వైవాహిక సమస్యను నాతో రహస్యంగా చెప్పింది. పేరు చెప్పకుండా స్త్రీల కూడికలో "ఒక కుటుంబం కోసం ప్రార్థించండి" అని అన్నాను. ఆమె నొచ్చుకుంది. ప్రార్థన కోరడం కూడా తప్పేనా?
— స్త్రీల సమాజ నాయకురాలు

జవాబు: ఆమె అనుమతి లేకపోతే తప్పేనమ్మా. పేరు చెప్పకపోయినా, ఒకరినొకరు ఎరిగిన సంఘంలో ఆ కుటుంబం ఏదో పోల్చుకోవడానికి ఎవరికీ ఎక్కువ సమయం పట్టదు. చెప్పుకున్న గుట్టు ప్రార్థన మనవి రూపంలో బయటికి వచ్చినా అది బయటికి వచ్చినట్లే. కొండెగాడు పరుల గుట్టు బయటపెడతాడని, నమ్మకమైనవాడు సంగతి దాస్తాడని సామెతల గ్రంథం అంటుంది. 1215లో జరిగిన కథోలిక సంఘపు నాలుగవ లాటరన్ మహాసభ, పాపసంకీర్తనలో, అంటే విశ్వాసి తన పాపాలను గురువు ఎదుట ఒప్పుకున్నప్పుడు, విన్నది వెల్లడించిన గురువును పదవి నుండి తొలగించి, బ్రతికినంతకాలం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని శాసించింది. అంత కఠినం ఎందుకంటే, ఒక్కరి విషయంలో నమ్మకం చెడితే ఇక ఆ సంఘంలో ఎవరూ నోరు విప్పరు.

ఆమె దగ్గరకు వెళ్లి, సాకులు చెప్పకుండా క్షమాపణ అడగండి. ఇకమీదట ఎవరైనా చెప్పుకోవడానికి వస్తే, మొదట్లోనే రెండు విషయాలు స్పష్టం చేయండి: మీ అనుమతి లేకుండా నా భర్తతో సహా ఎవరికీ చెప్పను, కాని ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నా, పిల్లల మీద అఘాయిత్యం జరుగుతున్నా దాచలేను. రెండవది చాలా ముఖ్యం. హింస జరుగుతున్న ఇంటి విషయాన్ని "సంఘం పరువు" పేరిట లోలోపల సర్దుబాటు చేయడం కనికరం అనిపించుకోదు. అది దెబ్బలు తినేవారిని మళ్లీ దెబ్బలకు అప్పగించడమే. పిల్లలకు హాని జరుగుతున్నదని తెలిస్తే అధికారులకు తెలియజేయడం అనేక దేశాల చట్టాల ప్రకారం కూడా తప్పనిసరి. ఆ సహోదరి చెప్పిన సమస్యలో కొట్టడం, బెదిరించడం వంటివి ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే, సహించమని, ప్రార్థించమని మాత్రం చెప్పి పంపకండి. ఆమె భద్రంగా ఉండే చోటు ముందు చూడాలి.

ప్రశ్న: నా భర్త సంఘ కాపరి. రాత్రి ఏ వేళ ఫోన్ వచ్చినా వెళ్తారు. మునుపు ఎవరి కష్టం విన్నా కరిగిపోయేవారు, ఇప్పుడు విసుక్కుంటున్నారు. ప్రార్థన కూడా బరువుగా ఉందని అంటున్నారు. విశ్రాంతి తీసుకోమంటే "గొర్రెలకు సెలవు ఉంటుందా?" అంటారు. నేనేమి చేయాలి?
— ఒక కాపరి భార్య

జవాబు: అమ్మా, ఆయన కనికరం తగ్గిపోయిన మనిషి కాదు, కనికరాన్ని ఖర్చు చేస్తూ నింపుకోలేకపోయిన మనిషి. విసుగు, నిద్రలేమి, ప్రార్థన భారమనిపించడం ఆత్మీయ పతనానికి సూచనలని ఆయన లోలోపల భయపడుతూ ఉండవచ్చు. ఎక్కువసార్లు అవి అలసటకు సూచనలు. చాలా వారాలుగా ఇలాగే ఉంటే వైద్యునికి చూపించండి. ఏలీయా మాట పైన రాశాను.

ఆయన అడిగిన ప్రశ్నకు మోషే మామ యిత్రో ఎప్పుడో జవాబిచ్చాడు. ఉదయం నుండి సాయంకాలం వరకు ఒక్కడే కూర్చుని ప్రజలకు తీర్పు తీరుస్తున్న అల్లుణ్ణి చూసి, నీవు చేస్తున్నది మంచిది కాదని, నీవే కాదు నీతో ఉన్న ఈ ప్రజలు కూడా నలిగిపోతారని అన్నాడు. ప్రజల మాట ఎత్తడమే ఇందులో గొప్ప. అన్నీ తానే మోసే కాపరి వల్ల సంఘం కూడా నష్టపోతుంది, ఎందుకంటే ఒకరినొకరు ఆదరించుకోవడం అది నేర్చుకోదు. యెరూషలేములో విధవరాండ్ర పోషణ గురించి సణుగుడు పుట్టినప్పుడు అపొస్తలులు ఆ పని కోసం ఏడుగురిని ఏర్పరచారు గాని, తామే మరింత ఎక్కువ పని చేస్తామని అనలేదు.

నిజాయితీగా చెప్పాలంటే, సువార్తలు ఆయన పక్షాన కూడా కొంత మాట్లాడతాయి. మార్కు ఆరవ అధ్యాయంలో యేసు శిష్యులను ఏకాంతంగా వచ్చి అలసట తీర్చుకోమన్నాడు. వారు చేరేలోపే జనం అక్కడికి చేరారు, ఆయన కనికరపడి వారికి బోధించాడు. విశ్రాంతికి ఆటంకం రావడం పరిచర్యలో ఉన్నదే. కాని అదే అధ్యాయంలో, అందరూ తిని తృప్తి పొందాక, ఆయన జనాన్ని పంపివేసి ప్రార్థన చేయడానికి కొండకు వెళ్లాడు. జనం అవసరాలన్నీ తీరిపోయాయని ఆయన వెళ్లలేదు.

కాబట్టి వాదించకుండా సంఘ పెద్దలను మీరే కలవండి. ఇది భర్త మీద ఫిర్యాదు చేయడం కాదు. వారానికి ఒక రోజు, రాత్రి ఒక వేళ దాటిన తరువాత, ఫోన్ వేరొకరు ఎత్తే ఏర్పాటు చేయమని అడగండి. ప్రాణాపాయమైతే ఆయనకు చెబుతారు, మిగిలినవి ఉదయం వరకు ఆగుతాయి. పరామర్శలలో సగమైనా పెద్దలు, వారి భార్యలు పంచుకోవాలి. ఆయనకు ఈ సంఘంతో సంబంధం లేని ఒక వృద్ధ కాపరి ఉంటే, నెలకొకసారి వెళ్లి మనసు విప్పి మాట్లాడమనండి; అందరి మాటలూ వినే మనిషి మాట వినేవారు కూడా ఎవరో ఒకరు ఉండాలి. ఇక మీ సంగతి. ఉత్తరం అంతటిలో మీ అలసట గురించి ఒక్క వాక్యం లేదు. పెద్దలతో మాట్లాడేటప్పుడు దానిని కూడా చెప్పండి.